ఒకటిన్నర సెకను ఎక్కడికి పోయింది? పెరటి టెలిస్కోపుతో భూసమీప గ్రహశకలాన్ని కొలిచిన కేస్ స్టడీ

2022 జనవరి 18 సాయంత్రం మేము కొలిచిన గ్రహశకలం ఉండాల్సిన చోటు కంటే మూడు ఆర్క్‌సెకన్లు ముందుంది. ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3,600వ వంతు. ఆ గ్రహశకలం కక్ష్య దశాబ్దాల కొలతలతో గట్టిపడినది కాబట్టి అది దారి తప్పే ప్రశ్నే లేదు. తప్పు మాదే. అది ఎక్కడుందో పట్టుకోవడానికి ఏడు వారాలు పట్టింది.

ఆ ఏడు వారాల్లో ఏం చేశామో, ఏ వరుసలో చేశామో రాస్తున్నాను. మధ్యలో చేసిన తెలివితక్కువ పనులను కూడా ఉంచాను. ఈ పని కొత్తగా మొదలుపెట్టే వారికి మా ఫలితం కంటే అవే ఎక్కువ అక్కరకు వస్తాయి.

మాది వేధశాల అనడం కాస్త పెద్ద మాట. డోన్ దగ్గర ఒక పల్లెలో, మా పాత ఇంటి పెరట్లో, పక్కకు జరిగే రేకుల కప్పుతో ఒక చిన్న గది. నేలంతా బేతంచెర్ల బండలు పరిచాం. వాటికి తగలకుండా మధ్యలో నాలుగడుగుల లోతు నుంచి లేపిన కాంక్రీటు దిమ్మె ఉంది. దాని మీద 28 సెంటీమీటర్ల అద్దం ఉన్న ష్మిట్-కాసెగ్రెయిన్ టెలిస్కోపు, వెనక ఒక సీమాస్ కెమెరా. చిత్రంలో ఒక్కో పిక్సెల్ ఆకాశంలో 0.88 ఆర్క్‌సెకన్లకు సమానం. నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చెబుతాను. చిత్రాలను కొలిచే ప్రోగ్రాములు మా అక్క కొడుకు రాస్తాడు. అతనిది హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆ ఏడాది సంక్రాంతికి వచ్చాడు, ఒమిక్రాన్ పుణ్యమా అని ఇంటి నుంచే పని కావడంతో మా ఊళ్లోనే ఉండిపోయాడు.

గ్రహశకలాల కొలతలన్నీ చేరే చోటు అమెరికాలోని కేంబ్రిడ్జ్‌లో ఉన్న మైనర్ ప్లానెట్ సెంటర్. వాళ్లు మన టెలిస్కోపుకు మూడక్షరాల కోడ్ ఇచ్చే వరకు ‘ఎక్స్ ఎక్స్ ఎక్స్’ అనే పేరుతోనే కొలతలు పంపాలి. అంగారకుడికీ గురుడికీ మధ్య తిరిగే మామూలు గ్రహశకలాలను కొన్ని రాత్రులు కొలిచి పంపితే, అవి సరిగా ఉంటే కోడ్ వస్తుంది. మా కొలతల్లో తేడా 0.2 ఆర్క్‌సెకన్లు దాటలేదు. కోడ్ వచ్చిన రోజు దాన్ని సుద్దముక్కతో గది తలుపు మీద రాసి, ఇక మాకు తిరుగులేదనుకున్నాం. ఆ మంచి మార్కులే మమ్మల్ని ఎలా మోసం చేశాయో తర్వాత చెబుతాను.

చిన్న టెలిస్కోపులకు ఇందులో పని ఏమిటన్నది ముందు చెప్పాలి. హవాయిలోని పాన్-స్టార్స్, అరిజోనాలోని కాటలీనా, పలు చోట్ల కళ్లు పెట్టుకున్న అట్లాస్ లాంటి సర్వేలు ప్రతి రాత్రీ ఆకాశాన్ని జల్లెడ పడతాయి. అనుమానాస్పదమైన కొత్త చుక్క దొరికితే దాన్ని ధ్రువీకరణ జాబితాలో పెడతారు. సర్వే మాత్రం తన జల్లెడ తాను పట్టుకుంటూ ముందుకు పోతుంది. ఆ చుక్క చేయి దాటిపోక ముందే, కొన్ని గంటల్లోనే, మరొకరు మరొక చోటి నుంచి దాన్ని మళ్లీ కొలవాలి. 2008 అక్టోబరు 6న కాటలీనాలో దొరికిన 2008 టీసీ3 మర్నాడే సూడాన్ ఎడారి మీద వాతావరణంలో పేలిపోయింది. మధ్యలో ఉన్న సుమారు 20 గంటల్లో వందల కొలతలు వచ్చి చేరాయి, వాటిలో ఔత్సాహికులవీ ఉన్నాయి. ఎక్కడ పడుతుందో ముందే లెక్క తేలింది కాబట్టే ఆ తర్వాత ఎడారిలో దాని ముక్కలను ఏరగలిగారు. మన రేఖాంశాల్లో ఈ పని చేసేవారు తక్కువ. లద్దాఖ్‌లోని హాన్లేలో 70 సెంటీమీటర్ల గ్రోత్-ఇండియా టెలిస్కోపు దీన్ని బాగా చేస్తోంది. మేము ఆ వరుసలో చివరి బల్ల వాళ్లం.

కొత్త గ్రహశకలం కక్ష్యలో సందేహం అన్ని వైపులా ఒకేలా ఉండదు. హైదరాబాదు నుంచి అనంతపురం వెళ్లే రైలు ఏ పట్టాల మీద ఉందో మనకు తెలుసు. డోన్ దాటిందా, గుత్తి చేరిందా అన్నదే తెలియదు. గ్రహశకలం సంగతీ అంతే. దారికి అడ్డంగా సందేహం సన్నగా ఉంటుంది, దారి వెంట బారుగా ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ బారు ఇంకా సాగుతుంది. కొలిచేవాడి గడియారంలో తప్పుంటే ఆ తప్పు కూడా సరిగ్గా ఆ దారి వెంటే పడుతుంది. అంటే ఎక్కడ సందేహం తగ్గించాలని కొలుస్తున్నామో అక్కడే మన తప్పు కూడా కలుస్తోంది. ఈ మాట అప్పటికి నేను చదివి ఉన్నాను. చదవడం వేరు, మన పెరట్లో చూడడం వేరు.

ఆ జనవరిలో మేము ఎంచుకున్నది 7482 సంఖ్య గల 1994 పీసీ1. దాన్ని 1994 ఆగస్టులో ఆస్ట్రేలియాలోని సైడింగ్ స్ప్రింగ్ నుంచి రాబర్ట్ మెక్‌నాట్ కనుగొన్నారు. సుమారు ఒక కిలోమీటరు పెద్ద రాయి. మన కాలమానం ప్రకారం జనవరి 19 తెల్లవారుజామున 3:21కి అది భూమికి 19.8 లక్షల కిలోమీటర్ల దూరంలో, సెకనుకు 19.5 కిలోమీటర్లకు పైగా వేగంతో వెళ్తుంది. కొత్తగా తెలుసుకోవడానికి అందులో ఏమీ లేదు, దాని కక్ష్య బాగా తెలిసినదే. అందుకే ఎంచుకున్నాం. కొలబద్ద సరిగా ఉందో లేదో చూడాలంటే పొడవు ముందే తెలిసిన వస్తువును కొలవాలి.

ముందు రోజే పుష్య పౌర్ణమి. చీకటి పడ్డాక కొద్దిసేపటికే నిండు చంద్రుడు తూర్పున లేచి పెరడంతా పాలు పోసినట్టు చేశాడు. గ్రహశకలం ప్రకాశం పదో మాగ్నిట్యూడ్ దగ్గర, మా టెలిస్కోపుకు తేలిగ్గా అందేంత ఉంది కాబట్టి వెన్నెల అడ్డు కాలేదు. అది నక్షత్రాల మధ్య సెకనుకు దాదాపు 2 ఆర్క్‌సెకన్లు జరుగుతోంది. అందుకని ఒక్కొక్కటి ఒక సెకను చొప్పున ఎక్స్‌పోజర్లు పెట్టాం. చిత్రం కంప్యూటర్‌లోకి దిగే సమయంతో కలిపి 2.1 సెకన్లకు ఒక చిత్రం వచ్చింది. తెర మీద చుక్క ఒక్కో చిత్రంలో నాలుగైదు పిక్సెల్స్ దూకుతూ పోతుంటే మా అక్క కూడా వచ్చి నిలబడింది. “అంత దూరంలో ఉన్నది ఇంత తొందరగా పోతోందేమిటిరా?” అంది. అలా కదలడం కంటికి కనిపించే గ్రహశకలాలు అరుదు.

రాత్రి భోజనాలయ్యాక 180 చిత్రాలను కొలిచాం. ప్రతి చిత్రంలోనూ గైయా అంతరిక్ష టెలిస్కోపు కొలతల కేటలాగ్‌లోని నక్షత్రాలను ఆధారంగా తీసుకుని గ్రహశకలం స్థానం లెక్కగట్టి, తెలిసిన కక్ష్య చెప్పే స్థానంతో పోల్చాలి. ఆ తేడాను రెండుగా విడగొట్టాం: కదిలే దిశకు అడ్డంగా ఎంత, కదిలే దిశ వెంట ఎంత. అడ్డంగా తేడా అటూ ఇటూ 0.3 ఆర్క్‌సెకన్ల లోపే ఉంది. దిశ వెంట మాత్రం సగటున 3.1 ఆర్క్‌సెకన్లు. అన్నీ ముందుకే.

నాకు మొదట వచ్చిన అనుమానం మా అక్షాంశ రేఖాంశాల మీద. తప్పు నాది కాకుండా పోవాలని మనసు వెతుక్కునే దారి అది. లెక్క వేస్తే నవ్వొచ్చింది. 20 లక్షల కిలోమీటర్ల దూరంలో ఒక ఆర్క్‌సెకను అంటే దాదాపు 10 కిలోమీటర్లు. మూడు ఆర్క్‌సెకన్ల తేడా రావాలంటే మా పెరడు కర్నూలు దారిలో సగం దూరం పోయి కూర్చోవాలి. నక్షత్రాలతో చిత్రాన్ని సరిపోల్చడంలో తప్పుంటే అది అడ్డంగా కూడా కనిపించాలి. చుక్క కేంద్రాన్ని గుర్తించడంలో పొరపాటైతే అది పిక్సెల్‌లో చిన్న భాగమే అవుతుంది, మూడు పిక్సెల్స్ కాదు. కదిలే దిశ వెంట మాత్రమే వచ్చే తప్పు ఒక్కటే ఉంది. మూడు ఆర్క్‌సెకన్లను వేగంతో భాగిస్తే 1.6 సెకన్లు. మా కొలతల మీద వేసిన సమయం అసలు సమయం కంటే 1.6 సెకన్లు వెనకబడి ఉంది. అందుకే గ్రహశకలం ‘అప్పటికే’ ముందుకు వెళ్లిపోయినట్టు కనిపించింది.

మరి మామూలు గ్రహశకలాలను కొలిచినప్పుడు 0.2 ఆర్క్‌సెకన్లతో శభాష్ అనిపించుకున్నామే? ఆ మోసం ఇక్కడే ఉంది. అవి నిమిషానికి అర ఆర్క్‌సెకను కదులుతాయి. 1.6 సెకన్ల తప్పు అక్కడ 0.013 ఆర్క్‌సెకన్లు మాత్రమే. ఏ కొలతలోనూ అది కనిపించదు. గడియారం రెండేళ్ల పాటు తప్పుగా నడిచినా ఆ మార్కులు అలాగే వచ్చేవి. నిజానికి అలాగే వచ్చాయి.

సగటు చూసి ఆగిపోతే మరో వారం వృథా అయ్యేది. మేనల్లుడు ఒక్కో చిత్రం తేడానూ వరుసగా గీతగా గీశాడు. మర్నాడు ఉదయం నేను కాఫీ తాగుతుంటే ల్యాప్‌టాప్ తెచ్చి ముందు పెట్టాడు.

“మామయ్యా, ఈ గీత చూడండి. రంపంలా ఉంది.”

“గాలికి ఊగి ఉంటుంది లేరా.”

“కాదు. పది చిత్రాల పాటు నెమ్మదిగా ఎక్కుతోంది, పదకొండో దాంట్లో ఒక్కసారిగా పడుతోంది. మళ్లీ పది ఎక్కుతోంది. ఆకాశంలో ఏదీ ఇలా ఉండదు. ఇది కంప్యూటర్ పని.”

నేను గ్లాసు దించే లోపే అతను తన ప్రోగ్రాము తెరిచి చదవడం మొదలుపెట్టాడు. కాసేపు మాట్లాడలేదు. కెమెరా ప్రతి చిత్రం శీర్షికలోనూ సమయాన్ని వెయ్యో వంతు సెకను వరకు రాస్తోంది. ఇతని ప్రోగ్రాము ఆ సమయాన్ని చదివేటప్పుడు దశాంశ బిందువు తర్వాత ఉన్నదంతా కత్తిరించేస్తోంది. చిత్రాలు 2.1 సెకన్లకు ఒకటి వస్తున్నాయి కాబట్టి కత్తిరించిన ముక్క సున్నా, 0.1, 0.2 అంటూ పెరిగి, 0.9 తర్వాత మళ్లీ సున్నాకు పడుతోంది. అదే రంపం. కత్తిరింపు ఎప్పుడూ సమయాన్ని వెనక్కే లాగుతుంది, సగటున అర సెకను.

“ఎప్పటి నుంచి ఇలా ఉంది?” అన్నాను.

“మొదటి నుంచీ,” అన్నాడు. ఆ రోజు టిఫిన్ సరిగా తినలేదు.

కత్తిరింపు తీసేస్తే రంపం మాయమైంది, సగటు 3.1 నుంచి 2.1 ఆర్క్‌సెకన్లకు తగ్గింది. ఇంకా 1.1 సెకన్లు బాకీ.

తర్వాత కంప్యూటర్ గడియారం. మా ఆపరేటింగ్ సిస్టమ్ మామూలు అమరికలో వారానికి ఒక్కసారి ఇంటర్నెట్ నుంచి సమయం సరిచేసుకుంటోంది. చివరిసారి సరిచేసుకున్నది జనవరి 14న, భోగి రోజున అని దాని చిట్టాలో రాసి ఉంది. ఆ తర్వాత ఎంత వెనకబడుతోందో నాలుగు రోజులు వరుసగా చూస్తే రోజుకు 0.2 సెకన్లు. అంటే 18 నాటికి 0.8. ఇది ఆ రాత్రి నేరుగా చూసిన అంకె కాదు, తర్వాతి నడక నుంచి వెనక్కి లెక్కగట్టినది. ఈ తేడాను గుర్తు పెట్టుకోవాలి, చివర్లో దీని వల్లే ఒక నిర్ణయం తీసుకోవాల్సి వచ్చింది.

ఇక్కడ నేను చేసిన తప్పు ఒకటి ఉంది. జీపీఎస్ పెడితే సమయం కచ్చితంగా వస్తుంది కదా అని యూఎస్‌బీకి తగిలించే చవక రిసీవర్ ఒకటి తెప్పించాను. ఉపగ్రహాల నుంచి వచ్చే సమయంలో లోపం ఉండదు, నిజమే. కానీ ఆ రిసీవర్ ‘ఇప్పుడు సమయం ఇంత’ అనే వాక్యాన్ని తయారు చేసి, యూఎస్‌బీ తీగ మీదుగా పంపి, కంప్యూటర్ దాన్ని చదివేసరికి సెకనులో కొన్ని పదో వంతులు దాటిపోతున్నాయి. రేడియోలో ఎనిమిది గంటలు కొట్టిన సంగతి పక్కింటాయన వచ్చి చెబితే మనం గడియారం సరిచేసుకున్నట్టు ఉంటుంది అది. ఎలక్ట్రానిక్స్ చెప్పే మనిషిని కాబట్టి ఈ పొరపాటు నన్ను ఎక్కువ బాధించింది.

అది తెలిసింది జీపీఎస్ ఉపగ్రహాలనే ఫోటో తీయడం వల్ల. ఈ పని చేసేవారిలో బాగా వాడుకలో ఉన్న పరీక్ష ఇది. ఆ ఉపగ్రహాలు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతాయి. ఏ క్షణాన ఎక్కడ ఉంటాయో మీటర్ల లెక్కన తెలుసు. కక్ష్యల లెక్కలకు మేము వాడే ఫైండ్ ఆర్బ్ ప్రోగ్రామును రాసిన బిల్ గ్రే ఈ పోలికకు కావలసిన సాధనాలను కూడా అందరికీ అందుబాటులో ఉంచారు. నడినెత్తిన ఉన్న ఉపగ్రహం నక్షత్రాల మధ్య సెకనుకు 35 ఆర్క్‌సెకన్లకు అటూ ఇటూగా పరిగెడుతుంది. సెకనులో పదో వంతు తప్పినా మూడున్నర ఆర్క్‌సెకన్లు, అంటే నాలుగు పిక్సెల్స్. గ్రహశకలం కోసం ఏడాదికోసారి ఎదురుచూడక్కర్లేదు. మబ్బు లేని ఏ సాయంత్రమైనా చాలు. 0.2 సెకన్ల ఎక్స్‌పోజర్లు పెట్టి, చిన్న గీతలా వచ్చిన ఉపగ్రహం నడిమధ్యను కొలిచాం. కొత్త రిసీవర్‌తో సరిచేసిన గడియారం ఉన్నా తేడా 0.7 సెకన్లు వచ్చింది. మళ్లీ అదే వైపు.

యూఎస్‌బీ రిసీవర్‌ను పక్కన పడేసి, ప్రతి సెకను మొదట్లో ఒక విద్యుత్ పల్స్ ఇచ్చే జీపీఎస్ మాడ్యూల్‌ను రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డుకు కలిపి, దాన్నే పెరటి గడియారంగా పెట్టాం. ల్యాప్‌టాప్ ప్రతి 16 సెకన్లకోసారి దాన్ని అడిగి సమయం సరిచేసుకుంటుంది. తేడా 0.3 సెకన్లకు దిగి అక్కడే ఆగింది. ఎన్ని ఉపగ్రహాలను కొలిచినా 0.3. ఇంత నిలకడగా ఉన్న తప్పు గడియారానిది కాదు, కెమెరాదై ఉండాలి.

దాన్ని పట్టుకోవడానికి ఆకాశం అక్కర్లేకపోయింది. అదే పల్స్‌తో వెలిగే ఎర్ర ఎల్ఈడీ ఒకదాన్ని టెలిస్కోపు మూత లోపల నల్ల టేపుతో అంటించాం. ప్రతి సెకను మొదట్లో పదో వంతు సెకను పాటు వెలిగి ఆరిపోతుంది. మూత బిగించి, తలుపు వేసి, 0.1 సెకన్ల చిత్రాలు వందలకొద్దీ తీశాం. శీర్షికలోని సమయం నిజమైతే సెకను మొదట్లో తీసిన చిత్రాల్లోనే వెలుగు ఉండాలి. అవన్నీ చీకటిగా ఉన్నాయి. వెలుగు ఉన్నవి 0.7 దగ్గర సమయం వేసుకున్న చిత్రాలు. అంటే సాఫ్ట్‌వేర్ ‘తెరుచుకో’ అని ఆజ్ఞ ఇవ్వగానే సమయం రాసేసుకుంటోంది, కెమెరా నిజంగా కాంతిని పట్టడం మొదలుపెట్టేది ఇంకో 0.3 సెకన్ల తర్వాత. కొన్ని చిత్రాలు ఇంకో వింత చూపించాయి. పై సగం వెలుగు, కింది సగం చీకటి, మధ్యలో స్కేలు పెట్టి గీసినట్టు గీత. ఈ రకం సెన్సర్ అన్ని వరసలనూ ఒకేసారి చదవదు, పైనుంచి కిందికి ఒక్కో వరసగా చదువుతుంది. ఒకే చిత్రంలో పై అంచు సమయం వేరు, కింది అంచు సమయం వేరు. అప్పటి నుంచి కొలవాల్సిన వస్తువును చిత్రం నడిమధ్యనే ఉంచుతున్నాం, ఆ వరసకు తగిన సవరణ వేస్తున్నాం.

కత్తిరింపు 0.5, గడియారం 0.8, కెమెరా 0.3. మొత్తం 1.6. బాకీ తీరింది.

మూడు తప్పులూ ఒకే వైపు లాగడం నన్ను చాలా రోజులు వేధించింది. మూడు నాణేలు ఎగరేస్తే మూడూ బొమ్మ పడడం పెద్ద వింత కాదు గానీ, ఇది నాణేల వ్యవహారంలా అనిపించలేదు. ఆ ఏడాదే వచ్చిన ఒక నివేదిక చదివాక తెరిపిన పడ్డాను. అంతర్జాతీయ గ్రహశకల హెచ్చరిక నెట్‌వర్క్ 2021 నవంబరు 9న భూమికి దగ్గరగా వచ్చిన 2019 ఎక్స్ఎస్ అనే గ్రహశకలాన్ని ప్రపంచమంతటా ఒకేసారి కొలిపించింది. వాళ్లకు కావలసింది గ్రహశకలం వివరాలు కాదు, కొలిచేవాళ్ల గడియారాల బాగోగులు. (మేమూ పాల్గొనాలనుకున్నాం. ఆ నవంబరులో రాయలసీమలో కురిసిన వానలు గుర్తున్నవారికి ఏం జరిగిందో చెప్పక్కర్లేదు.) మొత్తం 957 కొలతలు వచ్చాయి. సమయంలో తప్పులు ఎక్కువగా సెకను లోపే ఉన్నాయి. కానీ అవి రెండు వైపులా సమానంగా పంచుకోలేదు, మొత్తంగా చూస్తే సమయాలు మా వాటిలాగే నిజం కంటే వెనకబడి నమోదయ్యాయి.

నాకు కారణం విడ్డూరంగా తోచలేదు. ఆజ్ఞ ఇచ్చాకే షట్టర్ తెరుచుకుంటుంది గానీ ముందు తెరుచుకోదు. భిన్నాన్ని కత్తిరిస్తే సమయం వెనక్కే పోతుంది గానీ ముందుకు రాదు. కబురు ఆలస్యంగా చేరుతుంది గానీ జరగక ముందే చేరదు. యంత్రాల్లో ఆలస్యానికి ఒకటే దిశ. అందుకే మా నాణేల్లో కత్తిరింపూ కెమెరా ఒకే వైపు పడ్డాయి. గడియారం నడక మాత్రం ఏ వైపైనా తప్పవచ్చు, అదీ అటే పడడం యాదృచ్ఛికం.

అదే నివేదికలో ఇంకో ముక్క మాకు సూటిగా తగిలింది. కొలతతో పాటు ‘ఇందులో ఇంత తప్పు ఉండొచ్చు’ అని మనమే ఒక అంకె ఇస్తాం. చాలామంది ఇచ్చిన అంకెలు ఆశావహంగా ఉన్నాయని, ముఖ్యంగా 0.2 ఆర్క్‌సెకన్ల కంటే తక్కువ చెప్పుకున్నవి అలా ఉన్నాయని అందులో తేలింది. మేము ధైర్యంగా 0.15 రాసుకున్న వాళ్లం. ఈ అంకె చిన్న విషయం కాదు. కక్ష్య లెక్కగట్టే ప్రోగ్రాము తక్కువ తప్పు చెప్పుకున్న కొలతకు ఎక్కువ విలువ ఇస్తుంది. 2024 డిసెంబరు 27న చిలీలోని అట్లాస్‌కు దొరికిన 2024 వైఆర్4 సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2032 డిసెంబరు 22న అది భూమిని తాకే అవకాశం 2025 ఫిబ్రవరి 18న 3.1 శాతానికి చేరి, వారం తిరగకుండానే దాదాపు సున్నాకు పడిపోయింది. మధ్యలో రాయికి ఏమీ కాలేదు, కొలతలు పెరిగి సందేహపు బారు కుదించుకుపోయింది అంతే. అలాంటి చోట 1.6 సెకన్లు తప్పిన కొలతను 0.15 ఆర్క్‌సెకన్ల ధీమాతో పంపేవాడు సాయం చేస్తున్నట్టు కాదు.

ఆ నివేదిక చదవక ముందే, మా తప్పులు తేలగానే, 2022 మార్చి మొదట్లో రెండు పనులు చేశాం. అంతకు ముందు మేము పంపిన వేగమైన గ్రహశకలాల కొలతలను తొలగించమని మైనర్ ప్లానెట్ సెంటర్‌కు రాశాం. నెమ్మదిగా కదిలే వాటిని అలాగే ఉంచాం, వాటికి హాని లేదు. జనవరి 18 నాటి 180 చిత్రాలను కొత్త సవరణలతో మళ్లీ కొలిస్తే తేడా 0.1 ఆర్క్‌సెకనుకు వచ్చింది. చూడ్డానికి ముచ్చటగా ఉంది. పంపుదామని మేనల్లుడు పట్టుబట్టాడు, నేను వద్దన్నాను. గడియారం 0.8 సెకన్లు వెనకబడిందన్నది మేము వెనక్కి ఊహించిన అంకె. జవాబు తెలిసిన లెక్కకు జవాబు సరిపోయేలా దారి వేసుకున్నామేమో అన్న అనుమానం నాలో పోలేదు. పైగా 1994 పీసీ1కు మా కొలతల అవసరం లేదు.

పంపే పద్ధతి కూడా మార్చాం. పాత 80 అక్షరాల వరుసలో సమయాన్ని రోజులో భిన్నంగా రాస్తారు, ఐదో దశాంశం దగ్గర ఆపడం చాలామందికి అలవాటు. ఆ ఐదో దశాంశంలో ఒక్క అంకె విలువ 0.864 సెకన్లు. అంత కష్టపడి గడియారం దిద్దుకుని, చివర్లో రాసే చోట దాన్ని చెడగొట్టుకోవడం. ఇప్పుడు వాడుకలో ఉన్న ఏడీఈఎస్ పద్ధతిలో సెకను భిన్నాలను ఉన్నవి ఉన్నట్టు రాయవచ్చు, సమయంలో ఎంత తప్పు ఉండొచ్చో దానికీ విడిగా ఒక గడి ఉంది. మేము అందులో 0.1 రాస్తాం.

గడియారాల గొడవ మన దగ్గర కొత్తది కాదు. ఆసియా ఖండం నుంచి కనుగొన్న మొదటి గ్రహశకలం 67వది, పేరు కూడా ఆసియానే. నార్మన్ పోగ్సన్ 1861 ఏప్రిల్ 17న మద్రాసు వేధశాల నుంచి దాన్ని కనుగొన్నారు. ఆ వేధశాల లెక్కగట్టిన మద్రాసు సమయాన్నే తర్వాత మన రైళ్లు చాలా ఏళ్లు వాడుకున్నాయి. గ్రహశకలాలను వెతికేవాళ్లూ సమయాన్ని కాపాడేవాళ్లూ అప్పట్లో ఒకే కప్పు కింద ఉండేవారు. మధ్యలో మేమే ఆ రెండూ వేరనుకున్నాం.

దిద్దుకున్న తర్వాత అసలు పరీక్ష 2023 మార్చి 25న వచ్చింది, ఉగాది వెళ్లిన మూడో రోజు. అంతకు నెల ముందు దొరికిన 2023 డీజెడ్2 ఆ రాత్రి భూమికి 1.75 లక్షల కిలోమీటర్ల దూరంలో, అంటే చంద్రుడి దూరంలో సగం కంటే తక్కువలో వెళ్తోంది. చీకటి పడేసరికి సెకనుకు 6 ఆర్క్‌సెకన్ల వేగం అందుకుంది. ఇంత దగ్గరలో మరో కొత్త లెక్క వచ్చి చేరింది. ఒక ఆర్క్‌సెకను అంటే ఇప్పుడు 10 కిలోమీటర్లు కాదు, ఒక్క కిలోమీటరే. జీపీఎస్ చెప్పే ఎత్తుకూ సముద్రమట్టం నుంచి లెక్కగట్టే ఎత్తుకూ దక్షిణ భారతంలో దాదాపు 90 మీటర్ల తేడా ఉంటుంది. మేము ఏ ఎత్తు ఇచ్చామో ఎప్పుడూ పట్టించుకోలేదు. ఆ మధ్యాహ్నం కూర్చుని అదీ సరిచేశాం. 0.1 ఆర్క్‌సెకను కూడా కాదు గానీ, ఒకసారి దెబ్బ తిన్నవాడికి ఏదీ చిన్నదిగా కనిపించదు.

అర సెకను ఎక్స్‌పోజర్లు, ఐదేసి చిత్రాల చొప్పున నాలుగు గుంపులు. ఎక్కువ పంపితే గొప్ప కాదు, ఒకే రాత్రి తీసినవన్నీ ఒకే తప్పును పంచుకుంటాయి. మేనల్లుడు హైదరాబాదు నుంచే తెర చూస్తున్నాడు. కక్ష్యతో పోలిస్తే అడ్డంగా తేడా 0.25 ఆర్క్‌సెకన్లు, దిశ వెంట 0.4. సమయంలోకి మారిస్తే 0.07 సెకన్లు.

ఆ 0.07 కూడా మళ్లీ అదే వైపు ఉంది. సెన్సర్ వరసల సవరణలో ఏదో మిగిలిందని అతని అనుమానం, షట్టర్ ఆలస్యం చలికి ఎండకు మారుతోందని నా అనుమానం. 2029 ఏప్రిల్ 13న అపోఫిస్ అనే గ్రహశకలం భూమి ఉపరితలానికి 32,000 కిలోమీటర్ల దూరంలో వెళ్తున్నప్పుడు దాని వేగం ఆకాశంలో ఈ జీపీఎస్ ఉపగ్రహాల వేగానికి దగ్గరగా ఉంటుంది. అప్పుడు 0.07 సెకన్లంటే రెండు ఆర్క్‌సెకన్లు దాటుతుంది. అందుకని మూతలో ఎల్ఈడీని తీయలేదు, వేసవిలోనూ చలికాలంలోనూ విడివిడిగా కొలిచి రాసుకుంటున్నాం. మేనల్లుడు ఫోన్ చేసినప్పుడల్లా బాగోగుల కంటే ముందు అడిగే మాట ఒకటే: “మామయ్యా, ఇవాళ ఎంత వచ్చింది?”